పుష్పమ్మ బియ్యం మీరు తినేదాకా

నా భార్య పుష్పమ్మ దేవునికని ఇచ్చిన బియ్యాన్ని పంతొమ్మిదేళ్లు మీరు బజారులో అమ్మారు. ఈ కాగితాన్ని ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా వినేటట్టు చదవమని చెప్పి పోతున్నాను. కనుక ముందు బెంచీలో కూర్చున్న పెద్దలారా, ఈ మాట మీకే. పాటల పుస్తకంలో పేజీలు వెతుకుతున్నట్టు తలలు దించుకోకండి.

ఎల్లప్ప అనే నేను, తండ్రి పేరు ఆగయ్య, వయస్సు నలభై తొమ్మిది, మతం క్రైస్తవం, నయాపూల్ దగ్గర అచ్చుకూటంలో అక్షరాలు పేర్చే పని, కాపురం శాలిబండ. ఊపిరితిత్తులు చెడ్డాయి గాని బుద్ధి చెడలేదు. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా వినకుండా (ఈ రెండోది నా పాత జబ్బు) నా స్వార్జితానికి ఈ ఏర్పాటు చేస్తున్నాను. దీన్ని అమలు జరిపే బాధ్యత వకీలు గుమాస్తా అంజన్‌ది. అతనికి నా మీద కోపం వచ్చినా సరే, ఒక్క అక్షరం మార్చకూడదు.

1. శాలిబండ ఇంట్లో వెనక రెండు గదులు, వంటిల్లు, బావి మీద హక్కు నా కూతురు కళావతివి. ఆసుపత్రిలో నర్సు పని చేసి అన్ని కులాల వాళ్ల గాయాలూ కడిగే పిల్ల. ఆ చేతులతో ఆమె వండింది తినని చుట్టాలు ఆ గదుల్లో కాలు పెట్టకూడదు.

2. నా కళ్లద్దాలు, అక్షరాలు పేర్చే ఇత్తడి పట్టీ అచ్చుకూటంలో నా పక్కన నిలబడే నర్సింహకు. పదేళ్లుగా నా ప్రతి వాక్యంతోనూ తగాదా పడ్డాడు. చాలాసార్లు అతనిదే ఒప్పు. బతికుండగా చెప్పలేదు.

3. మా నాన్న గుర్రపు జీనులు కుట్టిన ఆరె నా తమ్ముడు కైలాసానికి. మా నాన్న గుర్రాల మీద దారోగా అని నువ్వు నలుగురికీ చెప్పుకుంటున్నావు. ఆయన గుర్రం ఎక్కనే లేదురా. గుర్రం మీదికి వెళ్లే తోలును మోకాళ్ల మధ్య పెట్టుకుని కుట్టాడు. ఆరె మొన ఇంకా వాడిగానే ఉంది. జేబులో పెట్టుకునేటప్పుడు జాగ్రత్త.

4. ఇప్పుడు గురిగి సంగతి. ఇది కొంచెం పొడుగు.

ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిలో వేయడం, ఆదివారం గుడ్డలో మూట కట్టి సంఘానికి తేవడం మన ఇళ్లలో ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే. ఆ బియ్యం కోతకాలపు పండుగనాడు ప్రేమవిందులో వండుతామని మీరు చెప్పారు. పుష్పమ్మ నమ్మింది. ఇంట్లో ఒక పూటకే ఉన్న రోజున కూడా ముందు గురిగికి, తర్వాత ఎసటికి. నేను గునిసేవాణ్ణి. ఆమె వినేది కాదు.

రెండేళ్ల కిందటి ఎండాకాలం కళావతికి విషజ్వరం వచ్చింది. పుష్పమ్మకు చదువు రాదు. నా చేత రెండు వేళ్లంత చీటీ అచ్చు వేయించి బియ్యం మూటలో పెట్టింది. అందులో ఉన్నది ఇంతే: కళావతి జ్వరం తగ్గాలి, ప్రార్థించండి, పుష్పమ్మ. ఇరవై ఒక్క రోజులకు జ్వరం తగ్గింది. పుష్పమ్మ సంఘంలో లేచి నిలబడి, మీ ప్రార్థనల వల్లే నా బిడ్డ బతికిందని ఏడ్చింది. సంఘ పెద్ద బాలనర్సింహ అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు.

ఆ వానాకాలం బియ్యానికి కటకట వచ్చింది. యాకుత్‌పురా స్టేషను దగ్గర దుకాణంలో గంటసేపు నిలబడి బియ్యం కొన్నాను. ఇంటికొచ్చి చేటలో పోస్తే అందులో నా చీటీ ఉంది. మడత కూడా విప్పలేదు.

బాలనర్సింహ ఇంటికి వెళ్లి అడిగాను. దాచలేదు, ఆ మాటకు మెచ్చుకోవాలి. తోలుపని ఇళ్ల మూటలకు బొగ్గుతో గీత పెడతారట. అవి దుకాణానికి, మిగతావి విందు గుండిగలోకి. మొదటి పండుగ నుంచీ అంతేనట. దొంగతనం కాదని, పైసలు కానుకల పెట్టెలోనే వేశానని చెప్పి, చివరికి తేల్చేశాడు.

“రక్షణ అందరికి ఒక్కటే ఎల్లప్పా, ఎసరు మాత్రం వేరు. కొత్తగ సంఘంల కలిసేటోళ్లు గీ ముచ్చట ఇంటే ఎనక్కి పోతరు.”

పోనీ, బాలనర్సింహా. ఐదు వేల మందికి పంచిన ఆ ఐదు రొట్టెలు ఎవరి పొయ్యి మీద కాలాయో ప్రభువు అడగలేదు. నువ్వు అడిగావు. మగ్గం గుంటలో పుట్టిన మీ తాతను ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు. ఆయన దాహం నీకు గుర్తుంది, మా ఆకలి గుర్తు లేదు. ఊరివాళ్లు మిమ్మల్ని తోసిన చేయిని మీరు నరకలేదు. ఆ చేతికే బాప్తిస్మం ఇచ్చి సంఘంలో చేర్చుకున్నారు.

కాని నన్నూ అడగవలసిన మాట ఒకటుంది. గుళ్ల మడి మీద, దేవిడీల వెట్టి మీద, తాయెత్తుల మీద ఇరవై కరపత్రాలు వేసినవాణ్ణి, ఈ గీత పెట్టిన మూటల మీద ఎందుకు వేయలేదు? ఒక పేజీ పేర్చాను. ఆనాడు ఏడ్చిన పుష్పమ్మ ముఖం కళ్లముందుకు వచ్చింది. అక్షరాలు విప్పి గళ్లలో వేసేశాను. చీటీని బైబిల్లో దాచాను. ఆమె ఆ తర్వాత కూడా పిడికెడు తీస్తూనే ఉంది. నేను చూస్తూ ఊరుకున్నాను.

పోయిన క్రిస్మస్‌కు ముందు, తను చనిపోవడానికి వారం ముందు, మంచంలోంచి అన్నది:

“ఆ చీటీ బైబిల్ల దాస్తే నేను సూడననుకున్నవా? నువ్వంటే దాన్ని తెరువవు గని, దినాం దుమ్ము దులిపేది నేను గాదా. నువ్వు లొల్లి పెడ్తవని ఊకున్న.”

మరి తెలిసీ ఎందుకు ఇచ్చావని అడిగాను. గోడ వైపు తిరిగింది. “ఒక్కసారన్న మన బియ్యం ఒండమను” అన్నది. వండలేదు. పోయింది.

ఆ గురిగి కళావతికి. అందులో ఆమె చివరగా తీసిన బియ్యం నాలుగు గిద్దెలు ఉన్నాయి. ఎండు వేపాకు వేసి మూత పెట్టాను. పండుగ దాకా పురుగు పట్టదు.

5. ఇంటి ముందరి హాలు. ఇక్కడికి వచ్చేసరికి మీ తలలు లేచి ఉంటాయి. కిరాయి ఇంట్లో ఇరుకుగా కూడే మీకు ఈ హాలు మీద ఎప్పటినుంచి కన్నుందో నాకు తెలుసు. నా దగ్గు వినడానికి వచ్చి గోడలు కొలిచి వెళ్లారు. హాలు సంఘానికే ఇస్తున్నాను, కింద రాసినవన్నీ ఈ ఏటి కోతకాలపు పండుగనాడు జరిగితేనే. ఒక్కటి తప్పినా హాలు మా పక్కింటి పాల రామ్‌చందర్‌కు, ఆయన బర్రెలు కట్టేసుకోవడానికి. వీలునామాలో బర్రెల ముచ్చట ఏందన్నా, కోర్టులో నవ్వుతారని అంజన్ అన్నాడు. నవ్వనీ. ఎవరి చేతి గడ్డి అని ఆ బర్రెలు ఎన్నడూ అడగలేదు. కళావతి ఒప్పుకుంది.

నేను అడిగేవి:

ఏ మూట మీదా బొగ్గు గీత ఉండకూడదు.

అన్ని ఇళ్ల బియ్యం సంఘం కళ్లముందు ఒకే గుండిగలో పోయాలి. పుష్పమ్మ గురిగి బియ్యం అందులో ముందు పడాలి.

మా తోలుపని వాడలోని కాశమ్మ, ఆగమ్మ వండాలి, వాళ్లే వడ్డించాలి.

మొదటి విస్తరి బాలనర్సింహది, రెండోది నా తమ్ముడు కైలాసానిది. కడుపులో బాగాలేదనే మాట చెల్లదు.

విందుకు ముందు బైబిల్లోని చీటీ తీసి బాలనర్సింహ పైకి చదవాలి. జ్వరం ఎప్పుడో తగ్గింది. అయినా ప్రార్థించాలి.

తేదీ: 12 మార్చి 1944, ఆదివారం (1353 ఫసలీ), శాలిబండ.

చేవ్రాలు: ఎల్లప్ప

సాక్షులు:
పెంటయ్య, అచ్చుకూటంలో మిషను నడిపేవాడు
లలితమ్మ, ఆసుపత్రి నర్సు