పీహెచ్ బాగానే ఉంది

ప్రియమైన ప్రేమ్,

వానకి సెల్ టవర్ పడిపోయింది, ఘాట్‌రోడ్డులో కొండచరియ విరిగిపడింది. మా ఆసుపత్రి డ్రైవర్ బుజ్జిబాబు ఆ రాళ్లు నడిచి దాటి, కింద పట్నంలో నీ వార్డుకి ఈ ఉత్తరం తెస్తున్నాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

రత్న అని, అరకు కొండల్లో కాఫీ పళ్లు కోసే పిల్ల. వాంతులు, ఒకటే రొప్పు. ఊపిరితిత్తులు శుభ్రం, షుగర్ లేదు. చెవుల్లో ధింసా డప్పులు మోగుతున్నాయంటుంది. దేవత పూనిందని తల్లి చిట్టెమ్మ పసుపు పూస్తోంది. ధమని రక్తంలో పీహెచ్ 7.44, కార్బన్ డయాక్సైడ్ 18, బైకార్బనేట్ 12. పీహెచ్ బాగానే ఉంది కదా! అయినా పిల్ల చేజారిపోతోంది. భయంతో రొప్పుతోందేమోనని నిద్ర ఇంజక్షన్ ఇవ్వబోతున్నాను. ఏదో ఒకటి చెప్పు, ప్రేమ్.

నీ సరళ

*

ప్రియమైన సరళా,

ఆ ఇంజక్షన్ ఇవ్వకు! ఆ రొప్పే ఆమెను బతికిస్తోంది.

రెండు రోగాలు ఒకదాన్నొకటి కప్పిపెట్టి పీహెచ్‌ని మామూలుగా చూపిస్తున్నాయి. 24 ఉండాల్సిన బైకార్బనేట్ 12కి పడిందంటే రక్తంలో ఆమ్లం పేరుకుంది. ఆ ఆమ్లానికి విరుగుడుగా మాత్రమే రొప్పితే కార్బన్ డయాక్సైడ్ 26 దగ్గర ఆగాలి. 18కి దిగిందంటే ఊపిరిని ఇంకేదో తరుముతోంది. ఈ రెండూ చేసి, చెవుల్లో మోత పుట్టించేది మోతాదు మించిన ఆస్పిరిన్ జాతి మందు. సంతలో నొప్పి మాత్రలు కొన్నదేమో అడుగు. బైకార్బనేట్ డ్రిప్ పెట్టు, పొటాషియం చూసుకో. దారి తెరవగానే డయాలసిస్‌కి పంపు.

నిద్రపుచ్చితే ఊపిరి మందగిస్తుంది, ఆమ్లం మెదడుకెక్కుతుంది, ఇక దక్కదు. ఈ ఉత్తరం ఆలస్యంగా అందుతుందేమోనని భయంగా ఉంది.

నీ ప్రేమ్

*

ప్రియమైన ప్రేమ్,

ఆలస్యంగానే అందింది. అప్పటికే సిరంజి నింపి చాలాసేపైంది. కాని చిట్టెమ్మ కూతురి మీద అడ్డంగా పడుకుంది. "అమ్మోరు ఒంటిమీదుండగా నిద్దరోతే పేనం ఎనక్కి రాదు డాట్రమ్మా! నన్ను సంపీసి అప్పుడెయ్యండి" అంది. మూఢురాలా అని అరిచాను, నర్సుల చేత లాగించాను. మంచం కోడు వదల్లేదు. ఆవిడది వట్టి నమ్మకమే. కాని నా చదువు ఆ పిల్లను చంపేసేది.

మాత్రల సంగతి నిజమే. కూలి పోకూడదని, మోకాళ్ల నొప్పికి గుప్పెళ్లతో మింగిందట. డ్రిప్ ఎక్కించాక బైకార్బనేట్ 20కి వచ్చింది. రొప్పు తగ్గింది, మంచినీళ్లడిగింది. దారి తెరవగానే పంపుతాను.

చిట్టెమ్మ మాత్రం తన కళ్లు మూతలు పడుతున్నా, కూతురి చెంపలు తట్టి లేపుతూనే ఉంది. ఇందాక నా దగ్గరికొచ్చి చేతులు జోడించింది. "ఇప్పుడు నిద్దరోనివ్వొచ్చా, డాట్రమ్మా?" అనడిగింది. తలూపి, ఆవిడ పక్కనే కూర్చుని ఏడ్చేశాను.

నీ సరళ