గోడ మీంచి చూసే పెద్దలు

ఆదివారం రాత్రి, డ్రెస్డెన్

ఇవాళ మ్యూజియంలో ఒక బరోక్ కాలపు బొమ్మ దగ్గర పాపా నేనూ చాలాసేపు ఆగిపోయాం. బైబిల్ కథలో ఒక ఇల్లాలు స్నానం చేస్తుంటే, ఇద్దరు ఊరి పెద్దలు గోడ మీంచి వంగి చూస్తున్నారు. మాట వినకపోతే నీ మీదే నింద వేస్తామని బెదిరించారట. గీసినవాడు మాత్రం ఆమె భయం కన్నా ఒంటి మెరుపునే శ్రద్ధగా గీశాడు.

"అమ్మా, ఆవిడ అరవలేదా?" అంది పాప.

"అరిచింది. ముందు ఎవరూ నమ్మలేదు," అన్నాను. అంటుంటేనే సాహితి గుర్తొచ్చింది.

రెండేళ్ల క్రితం ఇక్కడ మాస్టర్స్ చదవడానికి వచ్చి, గది దొరికేదాకా మా ఇంట్లోనే ఉంది. వినాయక చవితి రోజు వంటింట్లో, ఇక్కడి తెలుగువాళ్లమంతా బాబాయిగారని పిలిచే పెద్దాయన తన నడుం మీద చెయ్యేశాడని చెప్పింది. "పొరపాటున తగిలుంటుందిలే. పదిమందిలో అనకు, నీకే చెడ్డపేరు," అన్నాను. వారం తిరక్కుండా వేరే చోటికి వెళ్లిపోయింది. ఆయన ఇప్పటికీ మా పూజలకు వస్తాడు. నేనే ప్రసాదం పెడతాను.

సాయంత్రం సాహితికి ఫోన్ చేశాను. "ఆ రోజు నిన్ను నమ్మాల్సింది," అన్నాను.

"మీరు నమ్మారక్కా. మీ మొహం చూస్తేనే తెలిసింది."

నిజమే, నమ్మాను. పండగ పూట గొడవెందుకని ఊరుకున్నాను. ఆ మాట ఒప్పుకునేలోపే, "ఉంటానక్కా," అని ఫోన్ పెట్టేసింది.