ఇంటిబండి తూకం

ఎహింగెన్,
గురువారం

నా బంగారు ఎల్కె అక్కకి,

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నీ చెవులతో ప్రతి మాటా అరవాలి, ఇది అరిచి చెప్పే సంగతి కాదు. పైగా నీ మరిది గెరోల్ట్ ఈ మధ్య ఇంట్లో కన్నా వాకిట్లో నిలబెట్టిన ఇంటిబండిలోనే ఎక్కువ కాపురం చేస్తున్నాడు. కిటికీ తీస్తే చాలు, అన్నీ వినపడతాయి. అందుకే ఇస్త్రీ చేస్తున్నట్టు నటిస్తూ ఇస్త్రీ బల్ల మీదే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకో.

ఎల్లుండి పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఆస్ట్రియా దాటి, స్లోవేనియా దాటి, క్రొయేషియా సముద్రం దాకా. పడుకోవడానికి మంచం, వండుకోవడానికి పొయ్యి, కూర్చోవడానికి బల్ల, అన్నీ ఆ బండిలోనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గెరోల్ట్ దీని గురించే కలలు కన్నాడు. కానీ ఆ బండికి ఒక నియమం ఉంది. సామాను, డీజిలు, నీళ్ళు, మనుషులు, మొత్తం కలిపి మూడున్నర టన్నులు దాటకూడదు. బండి కాగితాల్లో రాసిన హద్దు అంతే. ఆస్ట్రియాలో దారి పక్కన ఆపి మరీ తూస్తారట. ఇంకేం, తూనికలు కొలతల శాఖలో బతుకంతా ఇనస్పెక్టరుగా చేసిన మనిషికి పండగే పండగ. మా ఊరి మాంసం కొట్ల వాళ్ళు ఈయన కనపడితే టోపీ తీసేవాళ్ళు, ప్రేమతో మాత్రం కాదు. ఇప్పుడు అదంతా నా మీద పడింది. చెంచాలు తూచాడు. నా చెప్పులు తూచాడు. "ఇంత ఉప్పు ఎందుకే, అక్కడ సముద్రం ఉంది కదా" అన్నాడు. తన గాలి కొట్టుకునే రబ్బరు పడవ మాత్రం, మోటారుతో సహా, ముఖ్యమైన సామానట. దాన్నేమీ అనకూడదు.

అంతవరకూ నవ్వుతాలే. నిన్న రాత్రి పక్కింటి బీర్గిట్‌నీ వాళ్ళాయన్నీ భోజనానికి పిలిచాం. పిండి పొట్లాల్లో మాంసం కూరి మౌల్టాషెన్ చేశాను, నీకిష్టమైనట్టు పైన వేయించిన ఉల్లిపాయలతో. బీర్గిట్ తెలుసుగా, ఆకు ముక్క తిని కడుపు నిండిందనే మనిషి. నేను రెండోసారి వడ్డించుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే గెరోల్ట్ పెన్ను తీసి, "గూడీ, నీ బరువెంత?" అన్నాడు. ఉల్లిపాయలెంత అని అడిగినట్టు అడిగాడు. ముగ్గురూ నా వైపు చూశారు.

"డెబ్భై" అన్నాను.

ఎవరైనా నవ్వి ఉంటే బాగుండేది, అక్కా. నేనూ నవ్వేసి నిజం చెప్పేదాన్ని. ఎవరూ నవ్వలేదు. బీర్గిట్ తన పళ్ళెంలోకి చూసుకుంది. వాళ్ళాయన వాతావరణం గురించి మొదలుపెట్టాడు. గెరోల్ట్ ఏదో రాసుకుని కళ్ళజోడు తీసేశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అద్దంలో నన్ను నేను చూసుకోని మనిషినా నేను? డెబ్భై నేను దాటింది రెండో కాన్పు అయ్యాకే. అరవై ఆరేళ్ళు వచ్చి, నలభై ఏళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్న మొగుడి దగ్గర ఈ సిగ్గేమిటో నాకే అర్థం కావడం లేదు.

చెప్పేస్తాను. రేపు ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పేస్తాను. లెక్కలో ఒక అంకె మారుతుంది, అంతేగా.

ఇట్లు,
నీ చెల్లెలు
గూద్రున్


ఆస్ట్రియా, విల్లాఖ్ దగ్గర సరస్సు ఒడ్డు,
ఆదివారం

ఎల్కె అక్కా, నా తల్లీ,

చెప్పలేదు. మొదటే ఆ ముక్క రాసేస్తే మిగతాది రాయగలను. శుక్రవారమంతా ఇద్దరమే ఉన్నాం. నోటి దాకా వచ్చేది, మింగేసేదాన్ని. శనివారం పొద్దున వీధి వీధంతా వచ్చి చేతులూపారు, బీర్గిట్ కేక్ ఇచ్చింది. గెరోల్ట్ దాన్ని కూడా చేత్తో పట్టి ఊపి చూసి గాని లోపలికి రానివ్వలేదు.

ఆస్ట్రియాలోకి వచ్చిన గంటన్నరకి పోలీసులు చెయ్యి చూపించి పక్కకి తిప్పారు. నాకు ఆ డెబ్భై గుర్తొచ్చింది. గెరోల్ట్ మాత్రం చొక్కా సర్దుకుని, "చూడు గూడీ, ఇప్పుడు వీళ్ళకి ఒక పద్ధతైన బండి కనబడుతుంది" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఉండగానే తూచారు. మన మనవరాలి వయసు పోలీసమ్మాయి అంకె చూసి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఎక్కువుంది సార్. ముప్పై కిలోల పైచిలుకు. జరిమానా కట్టి, బరువు దించితేగాని వదలలేను."

"నీ కాటా ఒకసారి చూసుకో తల్లీ. నా లెక్క తప్పదు."

"మళ్ళీ తూద్దాం సార్, దానికేం." మళ్ళీ తూచింది. అదే అంకె. "ట్యాంకులో నీళ్ళు వదిలేయండి, సరిపోతుందేమో."

"నీళ్ళా? ఖాళీ ట్యాంకుతో బయల్దేరాను. అక్కడికి వెళ్ళాకే పట్టుకుంటాం. ఈ పాఠాలు నాకు చెప్పకు, నేను తూనికల ఇనస్పెక్టరుగా చేసినవాణ్ణి."

"అయితే మీకే బాగా తెలిసుండాలి సార్" అంది. పాపం ఎగతాళిగా కాదు, మర్యాదగానే అంది. దాంతో ఆయన ముఖం తెల్లబోయింది.

మా వెనక ఆపిన బండ్లవాళ్ళంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నట్టే చూస్తున్నారు. నేను గబగబా నా సంచి, బట్టల పెట్టె కిందికి దించబోయాను. గెరోల్ట్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నీవెందుకు? తప్పు నాది" అన్నాడు. గాలి పడవ దించాడు, మోటారు దించాడు. పక్కన పొలం వాళ్ళావిడ జాలిపడి, తిరుగు ప్రయాణంలో తీసుకెళ్ళండి అని కొట్టంలో పెట్టించుకుంది. ఆయన ఆ పడవని కొట్టం దాకా మోసుకెళ్తుంటే నేను సీట్లో కూర్చున్నాను, అక్కా. దాచిన కిలోలన్నీ ఒంటి మీద మోసుకుంటూ హాయిగా కూర్చున్నాను. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. ఆ పోలీసమ్మాయి ముందు, ఆ జనం ముందు నా బరువు చెప్పడానికి ముఖం చెల్లలేదు.

అది కూడా చిన్న విషయమే. అసలు సంగతి ఇక్కడికి వచ్చాక మొదలైంది. నిన్న సాయంత్రం నుంచి లెక్క మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడు. ఒక్కో సామానూ పేరు పెట్టి పైకి చదువుతాడు, కూడతాడు, మళ్ళీ మొదలెడతాడు. అన్నం ముందు కూర్చోబెడితే ముద్ద ముట్టలేదు. నేను ఎదురుగా కూర్చుని బంగాళాదుంపల సలాడ్ తింటున్నాను, సిగ్గులేకుండా. ఉన్నట్టుండి పెన్ను కింద పెట్టి అన్నాడు:

"మా నాన్నకి ఇలాగే మొదలైంది గూడీ. ముందు లెక్కలు పోయాయి."

వాళ్ళ నాన్న నీకు గుర్తున్నాడు కదా. చివర్లో కోడళ్ళని ఎవరమ్మా మీరు, ఎప్పుడొచ్చారు అని అడిగేవాడు.

"అలాంటిదేం లేదు. అలసిపోయావు, పడుకో" అన్నాను.

"నా లెక్క తప్పింది, ఎక్కడ తప్పిందో కూడా దొరకడం లేదు. చిన్నప్పటి నుంచి ఇలా ఎప్పుడూ జరగలేదు. వెనక్కి వెళ్దాం. డాక్టరుకి చూపించుకుంటాను. బండి అమ్మేద్దాం, ఇంక నేను స్టీరింగ్ పట్టుకోకూడదు." అరవైతొమ్మిదేళ్ళ మనిషి, నా చెయ్యి పట్టుకుని "నన్ను మా నాన్నలా ఆసుపత్రిలో వదిలెయ్యవు కదూ" అన్నాడు.

ఒక్క మాట చెబితే ఆ భయం పోతుంది. తప్పిన లెక్క నాదని, ఆయన మెదడు గడియారంలా నడుస్తోందని చెబితే చాలు. నేనేం చేశానో తెలుసా? ఆయన వీపు నిమిరాను. మంచి పెళ్ళాంలా. నా నడుము కొలత దాచుకోవడానికి కట్టుకున్న మొగుణ్ణి పిచ్చివాణ్ణి కానిస్తున్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఇంటిబండ్లు ఆపుకునే ఈ విడిదిలో, బట్టలుతికే గదిలో కూర్చుని రాస్తున్నాను. ఎవరో డచ్చావిడ "ఒంట్లో బాగాలేదా" అని అడిగింది. సబ్బు కంట్లో పడిందన్నాను.

నీ జవాబు నాకు అందే దారి లేదు. ఏమంటావో మాత్రం తెలుసు. "మొద్దూ, ఉత్తరం నాకెందుకు రాస్తున్నావు, వెళ్ళి వాడికి చెప్పు."

వెళ్తున్నాను.

నీ సిగ్గుమాలిన చెల్లెలు
గూద్రున్


క్రొయేషియా, సముద్రం ఒడ్డు,
గురువారం

ఎల్కె అక్కకి,

ఇది చదివాక చించెయ్యి. చించేశావని నేను నమ్ముతాను.

ఆదివారం నీకు రాసిన ఉత్తరం డబ్బాలో వేసి నేరుగా బండి దగ్గరికి వెళ్ళాను. ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను, కూర్చుంటే ధైర్యం పోతుందని. "నీ లెక్క తప్పలేదు. నేను అబద్ధం చెప్పాను. నా బరువు డెబ్భై కాదు, చాలా ఎక్కువ. బీర్గిట్ ముందు సిగ్గేసింది. పడవ నా వల్లే పోయింది, జరిమానా నా వల్లే. నీకేం జబ్బు లేదు, నాకే బుద్ధి లేదు." అంతా ఒక్క ఊపిరిలో అనేసి, తిట్టు పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

తిట్టలేదు. నవ్వాడు. చాలా మెల్లగా నవ్వాడు.

"పిచ్చిదానా, ఆ డెబ్భై నేను వేసుకోలేదే. ఎప్పుడో యాభై గ్రాములు తగ్గించిన మాంసం కొట్టువాణ్ణి దూరం నుంచే పట్టుకున్నవాణ్ణి, నా పెళ్ళాం బరువు నాకు తెలియదా? అందరి ముందూ ఎందుకడిగానా అని నాకే సిగ్గేసి, నువ్వు చెప్పింది రాసుకున్నట్టు చేశాను. నిజం అంకే వేశాను. పైగా ఎందుకైనా మంచిదని, నీకు చెప్పకుండా ఓ అరవై డెబ్భై కిలోల వీలు కూడా ఉంచాను."

ముందు నాకు ఒళ్ళంతా తేలికైంది. తెలిసీ ఏమీ అనలేదు, నా పరువు నిలబెట్టాడు, ఇంత మంచివాడా అనుకున్నాను. తర్వాత ఆయన ముఖం చూశాను. నేను చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఆ ముఖంలో ఆశ వచ్చింది, ఇప్పుడు పోతోంది. "అయితే తప్పు ఇంకా దొరకలేదు" అన్నాడు.

లోపలికి వెళ్ళాను. టీ గ్లాసు కడుగుదామని, ట్యాంకు ఖాళీ అన్న సంగతి మరిచిపోయి, పంపు స్విచ్ నొక్కి కుళాయి తిప్పాను. సరస్సు దగ్గరికి వచ్చాక అక్కడి స్నానాల గదులే వాడాం, బండిలో నీళ్ళు లేవు కదా అని ఎవరం ముట్టుకోలేదు. నీళ్ళు వచ్చాయి. జోరుగా వచ్చాయి. గోడ మీద ట్యాంకు గుర్తు చూశాను. పూర్తిగా నిండి ఉంది. వంద లీటర్లు.

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే. వాకిట్లో నీళ్ళ గొట్టం నన్ను ముట్టుకోనివ్వడు. శనివారం పొద్దున ఆయన ప్యాంటు అంచులు తడిసి ఉంటే, బయల్దేరే వేళ ఈ తడేమిటి అని నేనే విసుక్కున్నాను. ఏ తడి అన్నాడు. నిజంగానే తెలియనట్టు అన్నాడు.

"ఏమిటే ఆ చప్పుడు?" బయటి నుంచి అడిగాడు.

ఆలోచించలేదు, అక్కా. నా నోటి నుంచి దానంతటదే వచ్చింది. "నీళ్ళు. ట్యాంకు నిండా ఉన్నాయి. నేనే నింపాను, దారిలో పనికొస్తాయని. నీకు చెప్పడం మర్చిపోయాను."

అంతే, లేచిందక్కా గొంతు! "నీకు బుద్ధుందా? వంద కిలోలు! వంద! అందరి ముందూ నన్ను దొంగలా నిలబెట్టావు, ఆ చిన్నపిల్ల చేత మాటనిపించావు, నా పడవ! నీ చేతులు ఊరికే ఉండవా?" బండి కిందికి దూరి ట్యాంకు విప్పేశాడు. నీళ్ళు పక్కవాళ్ళ చాప కిందికి పోయాయి. ఆ డచ్చావిడా వాళ్ళాయనా బయటికి వచ్చి నిలబడ్డారు. ఆవిడ నా వైపు జాలిగా చూసింది. ఇలాంటి మొగుడితో ఎలా వేగుతున్నావమ్మా అన్నట్టు. నేను తల వంచుకుని అన్నీ పడ్డాను. తిట్టిన కొద్దీ ఆయనకి రంగు వచ్చింది. ఆ రాత్రి రెండు పళ్ళేలు తిన్నాడు. మర్నాడు పొద్దున్నే ఈల వేస్తూ ఇంజను నూనె చూసుకున్నాడు. వెనక్కి వెళ్ళే మాటే లేదు.

నా కోసం చెప్పిన అబద్ధానికి చచ్చినంత సిగ్గుపడ్డాను. దీనికి సిగ్గు రావడం లేదు, రావాలేమో తెలియదు. నువ్వే చెప్పు. నిన్న బ్రెడ్డు తెచ్చి బల్ల మీద పెట్టి, పది నిమిషాలాగి మళ్ళీ బ్రెడ్డుకి వెళ్ళాడు. మొదటిది అలమరలో దాచేశాను. స్టీరింగ్ ఇప్పుడు నేనే ఎక్కువ పట్టుకుంటున్నాను, మోకాళ్ళు పట్టేస్తున్నాయి కొంచెం నడపనివ్వు అని బతిమాలి. ఇంటికి రాగానే ఇద్దరం కలిసి పరీక్షలు చేయించుకుందాం, నాకు ఒక్కదానికే భయం అంటాను, వస్తాడు. అక్కడ డాక్టరు ఏం చెప్పినా ఇద్దరం వింటాం. కానీ ఈ సముద్రం మాత్రం ముందు చూడనీ. ఇప్పుడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నన్ను పిలుస్తున్నాడు, ఈత దుస్తుల్లో రమ్మని. ఒడ్డంతా జనం. వెళ్తున్నాను.

నా బరువు తొంభై ఏడు కిలోలు, అక్కా. బీర్గిట్‌కి చెప్పినా సరే, ఊరందరికీ చెప్పినా సరే. నీళ్ళు ఎవరు నింపారో మాత్రం ఎవరికీ చెప్పకు.

నీ చెల్లెలు,
గూద్రున్