చాయ్ తాగి వెళ్ళిన శవాలు

రజియా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కెమ్నిట్జ్‌లో మన గది ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నాను. పై అంతస్తు సుష్మ సామాను సర్దడానికి వచ్చింది. నీ అల్మారా అడుగున దానికి ఆ పాత దయ్యాల కామిక్ దొరికింది.

ఆదివారం సంతలో కొన్నావు దాన్ని. ఏడు కథలు. జర్మన్ వస్తుందని రోజుకో పేజీ చదివేవాళ్ళం. అందుకే మనకు జర్మన్‌లో ‘కిరాయి’ అనే మాట కంటే ముందు ‘శవపేటిక’ అనే మాట వచ్చింది. బీ1 జర్మన్ పరీక్షలో వారాంతం ఎలా గడిపావని అడిగితే, నువ్వు సమాధి తవ్వానని చెప్పి పాసయ్యావు.

ప్రతి కథలోనూ చచ్చినవాళ్ళు పగ తీర్చుకోవడానికే లేచొస్తారు. అది నీకు నచ్చేది కాదు. చివరి బొమ్మ కింద పెన్సిల్‌తో నీ ముగింపు రాసేదానివి: శవం తలుపు కొట్టి, చాయ్ తాగి, వెళ్ళిపోయింది. ఆరు కథలకూ అదే. ఆసుపత్రిలో పుస్తకం నా చేతిలో పెట్టి, “ఏడోది నువ్వు రాయాలె” అన్నావు. నేను రాయలేదు.

సుష్మ దాన్ని పాత కాగితాల డబ్బాలో వేయబోయింది.

“ఇసొంటివి ఇంట్ల ఉంచుకోవద్దే. పోయినోళ్ళు తిరిగొస్తరంట.”

“రానియ్యి” అన్నాను.

పుస్తకం లాక్కున్నాను. ఏడో కథ చివరి బొమ్మ కింద, చెరపడానికి వీల్లేకుండా పెన్నుతో, నా కొత్త ఇంటి అడ్రసు రాశాను. రెండో అంతస్తు, ఎడమ తలుపు.