నాయన చేయించిన పచ్చ ఉంగరం

బుధవారం రాత్రి

ఈరోజు మార్కాపురం పోయి, చిన్నప్పుడు నాయన నాకు చేయించిన పచ్చ ఉంగరాన్ని మనవరాలు లాస్య వేలికి సరిచేయించాను. చిన్నప్పటి నాలాగే దానికీ నత్తి. దుకాణంలో ఆచారి భూతద్దం పెట్టి చూసి, "లోపల సన్నని పోగులుండాయి అక్కా, అసలు పచ్చే. గాజైతే తేటగా ఉంటది" అన్నాడు.

పచ్చ బుధుడి రాయి, చిటికెన వేలికి పెడితే నోరు తిరుగుతుందని ఎవరో చెబితే, నాయన ఆ ఏటి కందులమ్మి ఈ ఉంగరం చేయించాడు. అది పెట్టిన రోజు నుంచి సాయంత్రమైతే పక్కన కూర్చోబెట్టుకుని బడి సంగతులు అడిగేవాడు. నేను ఒక్క మాట దగ్గర ఎంతసేపు ఆగిపోయినా, "నిదానంగా చెప్పు తల్లీ, నాకేం పని లేదు" అనేవాడు. గొడ్లు మేతకు అరుస్తున్నా లేచేవాడు కాదు.

ఇవాళ ఉంగరం పెట్టగానే లాస్య, "అవ్వా, దీంతో మా... మా..." అని ఆగింది.

"మాటలొస్తాయా అనా? వస్తాయిలే" అని నేనే అందుకున్నాను.

పిల్ల తల దించుకుంది. మా ఊరు తర్లుపాడులో బస్సు దిగేదాకా నోరు విప్పలేదు. అది అడగబోయింది ఆ మాటేనో కాదో కూడా నాకు తెలియదు.