మల్లన్న నమ్మని ఉత్తరం

అజ్మాన్, అక్టోబర్ 1987, గురువారం రాత్రి

మల్లన్నకు చదువు రాదు. మిలిటరీ ట్రైనింగులో ఉన్న కొడుకు సీను రాసే ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను. ఉన్నది ఉన్నట్టు చదివితే నాకు అన్నం అరగదు. "నాయినా, మా హవల్దారు బిడ్డను చేసుకుంటున్న" అని కిందటి నెల నేనే ఒక ముక్క కలిపాను. మల్లన్న మూడు రాత్రులు నిద్రపోలేదు. సంగతి తెలిశాక మా లేబర్ క్యాంపంతా నవ్వింది.

ఈరోజు మాత్రం ఒక్క అక్షరం కలపలేదు. "ట్రైనింగ్ అయిపోయింది. మమ్ముల లంకకు పంపుతున్నరు. ఆడ లడాయి నడుస్తున్నది. అమ్మకు చెప్పకు. పోయేలోపు నువ్వొక మాట రాయి నాయినా."

మల్లన్న పకపకా నవ్వాడు. "నీ యవ్వ, ఈసారి లంక దాక ఉరికినవా? ఆంజనేయుడు గిట్ల కలిసిండా?"

"సీను మీద ఒట్టు మల్లన్నా, నిజంగనే రాసిండు."

"నా కొడుకు మీద ఒట్టు పెడితే నాలుక కోస్త. ఖలాస్! జవాబు రాయి. లంకల కొబ్బరికాయలు అగ్గువనట, నాలుగు పట్కరమ్మను."

రేపు రాస్తానని కలం మూత పెట్టాను. రేపు శుక్రవారం, పని లేదు. క్యాంపు పక్క దుకాణంలో ఉండే నెల్లూరు బాషా గారి చేత ఈ ఉత్తరం చదివిస్తాను. జన్మలో ఎవరినీ ఆటపట్టించని మనిషి. ఆయన నోట వింటే మల్లన్న నవ్వడు.

పక్క మంచం మీద మల్లన్న గురక పెడుతున్నాడు. ఈ ఒక్క రాత్రి పెట్టనీ. కాగితం మీది తేదీకి ఇరవై రోజులు దాటాయి. పిల్లవాడు తండ్రి మాట కోసం చూసి చూసి, ఈపాటికే ఓడ ఎక్కి...