రాణిగారి చెర, పోలేరమ్మ టీ

కబ్ద్, టమాటా తోట

ఫింటాస్‌లో కాపురముండే జ్ఞానప్రసూన గారికి, వెంకటరాముడు ముందు నమస్కరించి, ఆ వెంటనే హెచ్చరించి వ్రాయునది.

అమ్మా, నేను బడికి పోయింది తక్కువ. మిగతాదంతా పురాణాలే నేర్పినాయి. ప్రతి శుక్రవారం మా తోట షెడ్డులో దీపం వెలిగించి పురాణం చెబుతాను. ఈ అరబ్బు దేశానికొచ్చి ముబారక్ అల్ కబీర్ ఇండ్లల్లో పని చేసే మన కడప, రాయచోటి ఆడవాళ్ళు వ్యానెక్కి వచ్చి వింటారు. ఈ మధ్య సగం చాపలు ఖాళీ. ఏందని ఆరా తీస్తే, మీ ఇంట్లో వంట చేసే చిట్టెమ్మ బయటపెట్టింది. శుక్రవారాలు మీరు హాల్లో సోఫాలు వెనక్కి జరిపి, రెండువేల ఏండ్ల కిందటి మృణాళిక అనే రాణి కథ చదివి వినిపిస్తున్నారంట. ఆ రాణి మొగుణ్ణి అడగకుండా సభకు పోయి మంత్రి పాగా ఊడబెరికిందంట. ద్రౌపదీదేవి అంతటి ఆమె సభలో ప్రశ్న అడిగిందే గాని, ఎవరి పాగా జోలికీ పోలేదు. ఇది ధర్మమా? ఆపండి. ఫోన్ చేయొద్దు, ధర్మం ఫోన్లో కుదరదు. మీ వీధికి కూరగాయలు తెచ్చే మా జావీద్ చేతికి ఉత్తరమియ్యండి.

ఇట్లు, ధర్మం తరఫున,
వెంకటరాముడు

తా.క. ఆ రాణి ఏనుగు మీద నుంచి కోట గోడ దూకబోతుండగా మీరు పుస్తకం మూసేసినారంట. దూకిందా? ఖండించేందుకే అడుగుతున్నా.

*

ఫింటాస్

వెంకటరాముడు గారికి నమస్కారం. మీ ఉత్తరం వంకాయల మధ్య భద్రంగా అందింది.

మీ చాపలు ఖాళీ చేయాలని నాకు ఏ కోశానా లేదండీ. మా వారు విజయభాస్కర్ వారమంతా ఇంజినీరు, శుక్రవారం నిద్ర. అందుకని ఆ రోజు హాలు నాది. మేం చదువుతున్నది చారిత్రక నవల. కోటలు, నగలు, వంటలు ఆ కాలానివే. మృణాళిక మాత్రం కల్పన. చదివి చూసి అప్పుడు తిట్టండి. మొదటి భాగం పంపుతున్నాను. తడి చేతులతో ముట్టుకోకండి.

ఉంటాను,
జ్ఞానప్రసూన

తా.క. దూకింది. ఏనుగు దూకలేదు.

*

కబ్ద్

జ్ఞానప్రసూనమ్మ గారికి, వెంకటరాముడు కండ్లు తుడుచుకుని వ్రాయునది.

చదివినాను. చదువుతా చదువుతా టమాటాలకు నీళ్ళు పెట్టడం మరిచి, సూపర్వైజర్ అన్వర్ బాషా చేత తిట్లు తిన్నాను. శుక్రవారం సభలో ఖండన మొదలుపెట్టినా. ఖండించాలంటే ముందు కథ చెప్పాలి కదా. మా సభకు పెద్దదిక్కు పోలేరమ్మ అని ఉంది, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని సాకుతుంది. 'సామీ, తిట్టేది మళ్ళా తిడుదువులే, ముందు ఏమయిందో చెప్పు' అనింది. చెప్పినా. మరుసటి వారానికి చాపలన్నీ నిండినాయి. తిట్టిన అన్వర్ బాషా కూడా తలుపు కాడ నిలబడి విన్నాడు.

మరిది రాణిని చెరలో వేసే కాడ పుస్తకం అయిపోయింది. పోలేరమ్మ లేచి, రాణి బయటికొచ్చేదాకా టీ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అన్నం లేకున్నా ఉంటుంది గాని టీ లేకుండా ఉండే మనిషి కాదు. వచ్చే శుక్రవారం విడిపిస్తానని మాటిచ్చినా. రెండో భాగం తొందరగా పంపండి, యల్లా యల్లా.

మీ శ్రేయోభిలాషి,
వెంకటరాముడు

తా.క. కల్పన అని మీరు వినయానికి అన్నారు. పుస్తకం వెనక ఆ రాజ్యం పటముంది. లేని ఊరికి పటం ఎవరు గీస్తారమ్మా?

*

ఫింటాస్

వెంకటరాముడు గారికి, తలవంచుకుని రాస్తున్నాను.

ఆ పటం గీసింది మా వారు. డైనింగ్ టేబుల్ మీద, పెసరట్టు తింటూ గీశారు. రాజధాని పక్కన సరస్సులా కనిపించేది అల్లప్పచ్చడి మరక.

ఇంకో సంగతి. నవల రాసింది నేనే, కవరు మీదున్నది నా కలం పేరు. రెండో భాగం లేదు. ఆ చెరసాల తలుపు దగ్గరే నేనూ ఆగిపోయాను. ఎంతో ఆలోచించి, రాణి ఉంగరంలోని విషం మింగి ప్రాణం వదులుతుందని తేల్చుకున్నాను. ఆ కాలపు రాణులకి అదే హుందా. ఈ శుక్రవారం మావాళ్ళకి ఆ ఘట్టమే చదువుతున్నాను.

క్షమించమని కోరుతూ,
జ్ఞానప్రసూన

తా.క. పోలేరమ్మ గారిని టీ తాగమనండి. తలనొప్పి వస్తుంది.

*

కబ్ద్

సృష్టికర్త అయిన జ్ఞానప్రసూనమ్మ గారికి, వెంకటరాముడు మండిపడి వ్రాయునది.

తలనొప్పి వచ్చేసింది. పోలేరమ్మకు కాదు, ఆమె పనిచేసే ఇంటి మామాకు, అదే ఆ ఇంటి యజమానురాలికి. టీ మానినప్పటి నుంచి పోలేరమ్మ మనుషులతో మాట్లాడలేదు, గిన్నెలతోనే మాట్లాడింది. అట్లాంటి మనిషి ఎదురుగా కూర్చుని రాణి విషం తాగిందని నేను చెప్పాలనా? యముడంతటివాడు సావిత్రికి మొగుణ్ణి తిరిగిచ్చినాడు. మీరు ఆయన కంటే గట్టివారా?

అందుకే మొన్న శుక్రవారం నేనే విడిపించినా. ఏనుగు పరుగున వచ్చి చెరసాల గోడ కూలగొట్టింది. షెడ్డంతా చప్పట్లు. పోలేరమ్మ అక్కడికక్కడే టీ కాచుకుని తాగింది.

ఇట్లు, ప్రాణదాత,
వెంకటరాముడు

తా.క. ఏనుగు కోసం గోడ మందం కొంచెం తగ్గించినా. మీ ప్రతిలో సరిచేసుకోండి.

*

ఫింటాస్

వెంకటరాముడు గారికి, ఈసారి నమస్కారం లేదు.

ఏ ఏనుగండీ? ఆ ఏనుగు అయిదో అధ్యాయంలోనే పోయింది. అది పోయినప్పుడు మీరు టమాటాల మధ్య కూర్చుని ఏడ్చారని జావీద్ చెప్పాడు.

మీ ఏనుగు పరుగెత్తిన వేళకే మా హాల్లో రాణి కన్నుమూసింది. అందరూ ఒకటే ఏడుపు. మా వారు నిద్రలేచి, పోయింది మనవాళ్ళేనా అని కంగారుపడ్డారు. ఆ ఏడుపుతోనే చిట్టెమ్మ మీ పోలేరమ్మకి ఫోన్ చేసి కబురు చెప్పేసింది. రాసినదాన్ని నేను, చంపినదాన్నీ నేనే. ఖలాస్.

జ్ఞానప్రసూన

తా.క. అది కోట గోడండీ, మీ షెడ్డు రేకు కాదు.

*

కబ్ద్

అమ్మా జ్ఞానప్రసూనమ్మా, వెంకటరాముడు చేతులు జోడించి వ్రాయునది.

కొంప మునిగింది. చావు కబురు వినగానే పోలేరమ్మ తలమీద నీళ్ళు పోసుకుంది. 'మన ఆడబిడ్డ మాదిరి మనిషి. మనకు మైల' అని తేల్చేసింది. మిగతా ఆడవాళ్ళంతా సరేనన్నారు. మైలలో దీపం వెలిగించరాదు, దీపం లేకుంటే నా సభ లేదు. 'కల్పన తల్లీ, ఆమె అసలు పుట్టనే లేదు' అని మొత్తుకున్నా. 'పటం చూపించింది నువ్వే కదా సామీ. సచ్చినాక పుట్టలేదంటావా?' అనింది పోలేరమ్మ. మునిలక్ష్మి అని ఇంకొకామె, 'ఇంక నీ రాముడు అడవికి పోయింది నిజమో కాదో ఎవరికెరుక' అనేసింది.

ఆ మాట గుచ్చుకుందమ్మా. వారమంతా పరాయివాళ్ళ ఇండ్లు తుడిచి, శుక్రవారం వాళ్ళు నా చాప మీద కూర్చుంటారు. నా మాట మీద నమ్మకం పోతే ఇంక ఎందుకొస్తారు? ఆ సభ లేకుంటే నేను ఉత్త టమాటాల మనిషిని. మీరొచ్చి మీ నోటితో నిజం చెప్పండి.

మీ మీదే భారం వేసిన,
వెంకటరాముడు

తా.క. పటం మాత్రం తేవద్దు.

*

ఫింటాస్

వెంకటరాముడు గారికి, మనసారా నమస్కారం.

మొన్న శుక్రవారం నాతో పాటు మావాళ్ళంతా కూడా వ్యాన్లెక్కి వచ్చేసరికి మీ షెడ్డులో మీకే చోటు లేకపోయింది. బయట నిలబడ్డ మీకు సగమే వినబడి ఉంటుంది కనుక, లోపల జరిగింది రాస్తున్నాను.

మృణాళిక కల్పన అని చెప్పేసి పోదామనే వచ్చాను. నోరు తెరిచేలోగా పోలేరమ్మ నా చెయ్యి పట్టుకుంది. 'నువ్వు కన్నదానివి. బిడ్డ పోయిందనే మాట నీ నోట ఎట్లా వచ్చింది తల్లీ? మేము బిడ్డల్ని ఊర్లో వదిలి ఇంత దూరమొచ్చినోళ్ళం. ఆ మాట కలలో కూడా అనం' అంది.

చెప్పాలనుకున్నది పక్కన పెట్టి 'బతికే ఉంది' అన్నాను.

'యాడుంది?'

నాకేం తెలుసు? తలుపులోంచి చూస్తే ఇసుక కనబడింది. 'ఓడెక్కి ఈ తీరానికే వచ్చింది. ఎవరింట్లోనో పనికి చేరింది' అనేశాను.

ఇక ప్రశ్నలు. ఈ దేశంలో ఉండేందుకు ఇఖామా కొట్టించారా, శుక్రవారం సెలవిస్తారా, మామా మంచిదేనా, పడుకోవడానికి గది ఇచ్చారా వంటింట్లోనేనా. మంత్రి పాగా పీకిన మనిషి అంట్లు ఎట్లా తోముతుందని మునిలక్ష్మి అడిగితే, 'మనం తోమడం లేదా' అంది పోలేరమ్మ. నవ్వి నవ్వి మునిలక్ష్మే లేచి దీపం వెలిగించింది. మైల తీరిపోయింది. వచ్చే శుక్రవారం ముందు మీ పురాణం, తరవాత నా రాణి. అలాగని పోలేరమ్మ తీర్పు.

ఇంటికి రాగానే రెండో భాగం మొదలుపెట్టాను. ఆగకుండా సాగుతోంది. అందులో మీరూ ఉన్నారు. ఓడ దిగిన రాణికి తీరంలో ఎదురుపడి, అయినదానికీ కానిదానికీ ధర్మం చెప్పే తోటమాలి మీరే. రాణికి ఈ దేశంలో పూచీపడే కఫీల్ కూడా మీరే.

రాయడానికి తొందరపడుతూ,
జ్ఞానప్రసూన

తా.క. మిగతా కఫీళ్ళ మాదిరి రాణి పాస్‌పోర్టు మీ దగ్గర పెట్టుకుంటే ఊరుకునేది లేదని పోలేరమ్మ చెప్పమంది.